అవయవంతో పాటు అర్బుదం కూడా వస్తుందా?

ఆరేళ్ల క్రితం, కార్తీక మాసంలో ఒక సాయంకాలం. రోగులందరూ వెళ్లిపోయారు. మందుల బీరువాకు తాళం వేసి లేవబోతుండగా మా ఊరి ఇల్లాలు ఒకామె వచ్చి గుమ్మం దగ్గరే నిలబడింది. ముప్పై ఏళ్లుగా ఆ కుటుంబానికి నేనే వైద్యుణ్ణి. వారి అబ్బాయికి అప్పటికి ఇరవై ఏడేళ్లు. రెండు మూత్రపిండాలూ చెడిపోయి, వారానికి మూడుసార్లు డయాలిసిస్ చేయించుకుంటున్నాడు. తల్లి తన కిడ్నీ ఒకటి ఇస్తానని ముందుకు వచ్చింది. రక్తపు గ్రూపు కలిసింది. తక్కిన పరీక్షలకు మరుసటి వారం రమ్మన్నారు.

కూర్చోమన్నాను. కూర్చుని చాలాసేపు మాట్లాడలేదు. చివరికి, “అన్నయ్యగారూ, ఈ సంగతి మా ఆయనకు, నాకు తప్ప ఎవరికీ తెలియదు. మీకు కూడా చెప్పలేదు” అని మొదలుపెట్టింది.

పదకొండేళ్ల క్రితం ఆమెకు ఎడమ రొమ్ములో గడ్డ లేచింది. పట్నంలో పరీక్ష చేసి కాన్సరు అన్నారు. శస్త్రచికిత్స, తరువాతి చికిత్సలు అన్నీ అక్కడే జరిగాయి. పెళ్లి కావలసిన ఆడపిల్ల ఇంట్లో ఉన్నది గనుక, తల్లికి రాచపుండు అని తెలిస్తే సంబంధాలు రావన్న భయంతో, గర్భసంచి ఆపరేషన్ అని బంధువులందరికీ చెప్పారు. ఇప్పుడు కిడ్నీ ఇచ్చే ముందు “ఇంతకుముందు ఏమైనా పెద్ద జబ్బు చేసిందా?” అని ఆస్పత్రిలో అడిగితే కూడా అదే మాట చెప్పివచ్చింది.

“నిజం చెబితే నా కిడ్నీ వద్దంటారేమో. పదకొండేళ్లయినా అది మళ్లీ రాలేదు. రొమ్ముకూ కిడ్నీకీ ఏమి సంబంధం? కాన్సరు అంటుకునే జబ్బు కాదని మీరే ఎన్నోసార్లు చెప్పారు. చెప్పకపోతే తప్పంటారా అన్నయ్యగారూ?”

పాఠక మహాశయులతో దాచడమెందుకు? “ఏమీ భయం లేదమ్మా” అన్న మాట నా నాలుక చివరిదాకా వచ్చింది. గోదావరి ఒడ్డున మా గురువుగారి ఇంట తొమ్మిదేళ్లు చదువుకున్న శాస్త్రమే నన్ను ఆ మాట అనమన్నది. కాని అదే గురువుగారు, తెలియని ప్రశ్నకు తెలిసినట్టు జవాబు చెప్పే వైద్యుడు విషం పెట్టినవాడితో సమానమని కూడా నేర్పారు. ఎల్లుండి రమ్మని ఆమెను పంపివేసి, ఆ రాత్రే నా బాల్యమిత్రుని కుమారుడికి ఫోను చేశాను. అతడు మూత్రపిండాల వైద్యనిపుణుడు. అతడు చెప్పినదీ, ఆ తరువాత నేను చదివి తెలుసుకున్నదీ ఈ వ్యాసంలో పాఠకుల ముందు ఉంచుతున్నాను.

అర్బుదం అంటురోగం కాదు

సుశ్రుతాచార్యులవారు నిదానస్థానంలో, ఒకరి నుండి మరొకరికి సంక్రమించే వ్యాధులను పేర్కొన్నారు. కుష్ఠం, జ్వరం, శోష, నేత్రాభిష్యందం, ఔపసర్గిక రోగాలు. శరీర స్పర్శ వలన, నిశ్వాసం వలన, కలిసి భుజించడం వలన, ఒకే శయ్యపై పడుకోవడం వలన, ఒకరి వస్త్రాలు, పూలమాలలు, మైపూతలు మరొకరు వాడడం వలన ఇవి సంక్రమిస్తాయని చెప్పారు. ఆ జాబితాలో అర్బుదం లేదు. ఆధునిక వైద్యం కూడా నేడు ఇదే చెబుతున్నది. కాన్సరు రోగిని తాకినా, అతని కంచంలో తిన్నా, పక్కన పడుకుని సేవ చేసినా ఆ వ్యాధి రాదు. ఇంట్లో కాన్సరు రోగికి గ్లాసూ కంచమూ వేరు చేసే వారు ఇకనైనా ఆ పని మానాలి.

ఎందుకు రాదు? ప్రతి శరీరానికీ తన కణమేదో, పరాయి కణమేదో గుర్తించే శక్తి ఉన్నది. మనం వ్యాధిక్షమత్వం అన్నా, వారు ఇమ్యూనిటీ అన్నా ప్రయోజనం ఒకటే. పరాయివాని కాన్సరు కణం ఒంట్లో పడినా ఈ శక్తి దానిని పట్టి నాశనం చేస్తుంది. 1956 నుండి అమెరికాలోని ఓహియో రాష్ట్ర కారాగారంలో ఆరోగ్యవంతులైన ఖైదీల చర్మం కింద కాన్సరు కణాలను సూదితో ఎక్కించి చూశారు. వినడానికే బాధ కలిగించే ప్రయోగం అది. కాని ఆ ఆరోగ్యవంతుల శరీరాలు కొద్ది వారాలలోనే ఆ కణాలను తొలగించివేశాయి.

ఇంతవరకు మా శాస్త్రమూ, ఆ ఇల్లాలి మాటా సరిగానే ఉన్నవి. చిక్కు ఇక్కడి నుండే మొదలవుతుంది.

కాపలా నిద్రపోతే

సుశ్రుతుడు తెగిన ముక్కును సరిచేయడానికి చర్మాన్ని ఆ రోగి చెక్కిలి నుండే తీసుకున్నాడు. తన మాంసం తనకే గనుక శరీరం దానిని పరాయిదని తోసివేయదు. ఒక మనిషి అవయవాన్ని మరొక మనిషికి అమర్చడం సుశ్రుతుని కాలపు విషయం కాదు. 1954 డిసెంబరు 23న అమెరికాలోని బోస్టన్ నగరంలో డాక్టర్ జోసెఫ్ మర్రే తొలిసారి మూత్రపిండ మార్పిడిని విజయవంతంగా చేశారు. దాత, గ్రహీత ఇద్దరూ ఒకే రూపం గల కవల సోదరులు. వారి శరీరాలు ఒకదానికొకటి పరాయివి కావు గనుకనే అది నిలిచింది. మర్రేగారికి 1990లో నోబెల్ బహుమతి వచ్చింది. మన దేశంలో తొలి విజయవంతమైన మూత్రపిండ మార్పిడి 1971లో వెల్లూరు క్రిస్టియన్ మెడికల్ కళాశాలలో జరిగింది.

కవలలు కాని వారి మధ్య, తల్లీబిడ్డల మధ్యనైనా సరే, అమర్చిన అవయవాన్ని శరీరం శత్రువుగానే చూస్తుంది. అలా తోసివేయకుండా ఉండడానికి గ్రహీతకు జీవితాంతం వ్యాధినిరోధక శక్తిని తగ్గించే మందులు ఇవ్వవలసి ఉంటుంది. 1960లలో అజథయోప్రిన్, 1980లలో సైక్లోస్పోరిన్, ఆ తరువాత టాక్రోలిమస్ వచ్చాయి. ఈ మందులు ఇంటి కాపలాదారును నిద్రపుచ్చుతాయి. అప్పుడే కొత్త అవయవం లోపల కుదురుకుంటుంది. ఆ అవయవంలో దాత శరీరం నుండి వచ్చిన కాన్సరు కణం ఒకటి దాగి ఉంటే, దానిని పట్టుకునేవాడు కూడా అప్పుడు ఉండడు. ఇతరులకు ఏమీ చేయలేని కణం ఈ ఒక్క స్థితిలో వేళ్లూనుకుంటుంది.

ఆ రాత్రి ఫోనులో మా మిత్రుని కుమారుడు అన్న మాట ఇదే. “బాబాయిగారూ, కాన్సరు అంటదు. మీరు చెప్పేది నూటికి నూరుపాళ్లు నిజం. కాని మేము మార్పిడి చేసేటప్పుడు అంటనివ్వని ఆ శక్తినే తీసివేస్తున్నాము కదా!”

జరిగిన సంఘటనలు

అవయవ మార్పిడి తొలినాళ్లలో ఈ సంగతి వైద్యులకూ తెలియదు. కాన్సరుతో మరణించిన వారి మూత్రపిండాలను కూడా కొన్నిసార్లు ఇతరులకు అమర్చారు. గ్రహీతలలో కొందరికి అదే కాన్సరు కనిపించసాగింది. డాక్టర్ ఇజ్రాయెల్ పెన్ అనే శస్త్రవైద్యుడు 1968లో అమెరికాలోని డెన్వరులో ఇటువంటి కేసులను నమోదు చేసే గ్రంథం ఒకటి తెరిచారు. తరువాత అది సిన్సినాటి నగరానికి మారింది. కాన్సరు ఉన్న దాతలను దూరంగా ఉంచాలన్న నియమం బలపడడానికి ఆ నమోదులు ఎంతో తోడ్పడ్డాయి.

స్కాట్లండులో ఒక దాతకు 1982లో మెలనోమా అనే చర్మపు కాన్సరును కోసి తీసివేశారు. నయమయిందనే అందరూ అనుకున్నారు. 16 సంవత్సరాల తరువాత, 1998లో, ఆ వ్యక్తి మరణించినప్పుడు మూత్రపిండాలను దానం చేశారు. వాటిని పొందిన వారిలో ఒకరు ఆ మెలనోమాతోనే మరణించారు. ఈ సంఘటనను 2003లో వైద్యపత్రికలో ప్రకటించారు.

రెండవ సంఘటన ఐరోపాలో జరిగింది. 2007లో మెదడులో రక్తప్రసారం దెబ్బతిని మరణించిన 53 ఏళ్ల స్త్రీ నుండి గుండె, ఊపిరితిత్తులు, కాలేయం, మూత్రపిండాలు స్వీకరించారు. పరీక్షలలో కాన్సరు జాడ ఏదీ కనిపించలేదు. గుండె పొందిన వ్యక్తి కొద్ది నెలలలోనే రక్తం విషపూరితమై మరణించారు. మిగిలిన నలుగురికీ, ఒకరికి ఏడాదిన్నర లోపల, మరొకరికి ఆరేళ్లకు, రొమ్ము కాన్సరు బయటపడింది. ఆ కణాలు దాతవేనని జన్యు పరీక్షలలో తేలింది. ముగ్గురు మరణించారు. నాలుగవ వ్యక్తి 32 ఏళ్ల యువకుడు. అమర్చిన మూత్రపిండాన్ని తీసివేసి, నిరోధక శక్తిని తగ్గించే మందులు ఆపి, కాన్సరు చికిత్స చేశారు. నిద్రలేచిన కాపలాదారు పరాయి కణాన్ని మళ్లీ గుర్తించాడు. మార్పిడి జరిగిన పదేళ్ల తరువాత కూడా అతనిలో కాన్సరు లేదు. 2018లో ఈ వివరాలు వెలువడ్డాయి.

ప్రమాదం ఎంత?

ఇవి చదివి పాఠకులు బెదిరిపోకూడదు. ఇవి అరుదైనవి గనుకనే వైద్యపత్రికలకు ఎక్కాయి. బ్రిటనులో 2001 నుండి 2010 వరకు జరిగిన 30,765 అవయవ మార్పిడులను పరిశీలించారు. దాత నుండి వచ్చిన కాన్సరు 18 మందికి మాత్రమే కనిపించింది. నూటికి 0.06 అన్నమాట. పదివేల మందిలో ఆరుగురు. ఆ దాతలలో ఎవరికీ కాన్సరు ఉన్నట్టు దానం చేసే సమయానికి తెలియదు.

మరొకవైపు, అవయవం దొరకక నిరీక్షణలోనే ప్రాణాలు విడిచేవారు ప్రతి పట్టణంలోనూ ఉన్నారు. కనుక ఈ భయంతో అవయవ దానాన్ని గాని, స్వీకరణను గాని నిరాకరించడం అవివేకం. ప్రమాదం ఇంత తక్కువగా ఉండడానికి ఒక ముఖ్య కారణం, ప్రతి దాత విషయంలోనూ ఎవరో ఒకరు నిజం చెప్పడమే.

పరీక్షలు చేస్తారు కదా, తెలియదా?

ఈ ప్రశ్న ఆ ఇల్లాలు కూడా అడిగింది. “అన్ని స్కానింగులు తీస్తారు కదా, ఉంటే వారికే కనిపించదా?” అని.

సుశ్రుతుడు అధ్యర్బుదం అని ఒక మాట వాడాడు. మొదట పుట్టిన అర్బుదంపై మరొకటి పుట్టడం. రెండు అర్బుదాలు ఒకేసారి గాని, ఒకదాని తరువాత ఒకటి గాని వస్తే ద్విరర్బుదం అన్నాడు. అర్బుదం ఒకచోట ఆగే వ్యాధి కాదని మన పూర్వులు గమనించారు. నేటి వైద్యులు చెప్పేదేమంటే, గడ్డను కోసి తీసిన తరువాత కూడా కొన్ని కణాలు రక్తం ద్వారా ప్రయాణించి మరొక అవయవంలో చేరి, విత్తనం మట్టిలో ఉన్నట్టు ఏళ్ల తరబడి నిద్రాణమై ఉండగలవు. అవి గడ్డగా పెరగనంతవరకు ఏ స్కానింగుకూ అందవు. రొమ్ము కాన్సరు, మెలనోమా విషయంలో ఈ నిద్ర చాలా దీర్ఘంగా ఉండవచ్చు.

మరణించిన దాతల విషయంలో సమయం కూడా చాలదు. గుండెను బయటికి తీసిన తరువాత నాలుగైదు గంటలలోగా అమర్చాలి. తలనుండి పాదం వరకు వెదికే తీరిక ఉండదు. ఇంకొక చిక్కు కూడా ఉన్నది. మెదడులో రక్తస్రావం వలన మరణించారనుకున్న వారిలో కొందరికి ఆ రక్తస్రావానికి కారణం, మరెక్కడి నుండో మెదడుకు పాకిన కాన్సరు గడ్డ కావచ్చు. గర్భధారణ తరువాత వచ్చే కోరియోకార్సినోమా అనే కాన్సరు ఇలా తెలియకుండా సంక్రమించిన సందర్భాలు ఉన్నాయి. అందువలననే ప్రసవం లేక గర్భస్రావం తరువాత నెలసరి క్రమం తప్పిందా అని దాత కుటుంబాన్ని వైద్యులు అడుగుతారు. ఆ సమయంలో ఈ ప్రశ్న అసందర్భంగా తోచినా, దయచేసి జవాబు చెప్పండి.

యంత్రానికి అందని సంగతి ఇంటివారికి తెలిసి ఉంటుంది. మన దేశంలో మూత్రపిండాలు ఎక్కువగా బతికి ఉన్న బంధువుల నుండే వస్తున్నాయి. 1994 నాటి అవయవ మార్పిడి చట్టం దగ్గరి బంధువులను గుర్తించింది. 2011 సవరణలో తాతలు, అమ్మమ్మలు, నాయనమ్మలు, మనుమలు కూడా చేరారు. అంటే దాత రోగచరిత్ర మన ఇంటిలోనే ఉన్నది. ఆ ఇంట్లోనే దానిని దాచిపెట్టే అలవాటూ ఉన్నది.

ఆ తల్లికి నేను చెప్పినది

2004లో ఆమ్‌స్టర్‌డామ్ నగరంలో పలు దేశాల నిపుణులు కూడి, బతికి ఉండి కిడ్నీ దానం చేసేవారి గురించి నియమాలు ఏర్పరచారు. వాటి ప్రకారం మెలనోమా, వృషణాల కాన్సరు, మూత్రపిండపు కాన్సరు, కోరియోకార్సినోమా, రక్తపు కాన్సరు, ఊపిరితిత్తుల కాన్సరు, రొమ్ము కాన్సరు ఎప్పుడు వచ్చి ఉన్నా సాధారణంగా దానానికి అంగీకరించరు. చర్మంపై వచ్చే మెలనోమా కాని కాన్సరు, గర్భాశయ ముఖద్వారంలో తొలిదశలోనే తొలగించినది వంటి కొన్నింటిని మాత్రం విచారించి అనుమతించవచ్చు. ఏది అనుమతించాలో నిర్ణయించేది నిపుణులే. మనం కాదు, నా వంటి ఇంటి వైద్యుడూ కాదు.

మూడవనాడు ఆమె వచ్చినప్పుడు ఈ సంగతులన్నీ చెప్పాను. “అమ్మా, నీ ఒంట్లో ఆ కణాలు ఉండి ఉంటే నీ కాపలాదారు వాటిని అదుపులో ఉంచుతున్నాడు. నీ బిడ్డకు ఆ కాపలా ఉండదు” అన్నాను. ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది. “నా బిడ్డకు నేను ఇవ్వగలిగింది అదొక్కటే అనుకున్నాను” అన్నది. ఆ మాటకు నా దగ్గర మందు లేదు.

మరుసటి వారం భర్తతో కలిసి వెళ్లి ఆస్పత్రిలో నిజం చెప్పివచ్చింది. వారు కోప్పడలేదు. ఆమె కిడ్నీని స్వీకరించలేమని మాత్రం చెప్పారు. తండ్రికి మధుమేహం ఉన్నది గనుక ఆయనా పనికిరాలేదు. అబ్బాయి పేరును జీవన్‌దాన్ పథకంలో నమోదు చేశారు. మెదడు మరణించిన దాతల అవయవాలను వరుస క్రమంలో అందజేసే ప్రభుత్వ పథకం అది. డయాలిసిస్ సాగుతూనే ఉన్నది. దారిలో ఆ తల్లి ఎదురైనప్పుడల్లా నేను చేయించినది మంచో చెడో అని మనసు కలుక్కుమనేది.

మార్పిడి జరిగిన వారికి హెచ్చరిక

ఈ పత్రిక పాఠకులకు ఒక సంగతి ప్రత్యేకంగా చెప్పవలసి ఉన్నది. నిరోధక శక్తిని తగ్గించే మందులు వాడేవారికి దాత నుండి కాక, తమ శరీరంలోనే కొత్తగా కాన్సరు పుట్టే అవకాశం ఇతరుల కంటె రెండు నుండి నాలుగు రెట్లు ఎక్కువ. అలా అని ఆ మందులను తమంతట తామే ఆపితే అవయవం చెడిపోతుంది.

నిరోధక శక్తిని పెంచుతామని ఇళ్లలో వాడే తిప్పతీగ, అశ్వగంధ వంటివి వీరికి తగవు. ఆ ఆస్పత్రి మందులు అణచివేసే శక్తినే ఇవి లేపజూస్తాయి. కోవిడ్ రోజులలో నా దగ్గరికి వచ్చిన ప్రతివారికీ తిప్పతీగ కషాయం వ్రాసి ఇచ్చాను. ఒక పెద్దమనిషి లేచి వెళుతూ, తనకు కిడ్నీ మార్చారని మాట వరసకు అన్నారు. ఆ చీటీని వెనక్కు తీసుకుని చింపివేశాను. ఆనాటి నుండి మందు వ్రాసే ముందు ఈ ప్రశ్న అడగడం నియమంగా పెట్టుకున్నాను. ద్రాక్షపనస అని కొందరు పిలిచే గ్రేప్‌ఫ్రూటు, పంపర పనస కూడా రక్తంలో ఆ మందుల పాళ్లను మార్చగలవు గనుక వర్జించాలి. కూరలో వేసే పసుపు వేరు, గుళికలుగా మింగే పసుపు సారం వేరు. రెండవది వైద్యుని అడగకుండా వద్దు.

గుర్తుంచుకోవలసినవి

1. దాతగా ముందుకు వచ్చినవారు, ఎన్నేళ్ల క్రితందైనా సరే, తీయించుకున్న ప్రతి గడ్డ గురించీ, పుట్టుమచ్చ గురించీ చెప్పాలి. పాత బయాప్సీ కాగితాలు పారవేయకండి.

2. మరణించిన దాత కుటుంబం, రోగి పేరు చెడుతుందని గాని, ఆడపిల్లల పెళ్లి చెడుతుందని గాని రోగచరిత్రను దాచకూడదు. మీరు చెప్పిన సంగతిని ఆస్పత్రివారు ఊరంతా చాటరు.

3. అవయవం పొందినవారు కొత్త గడ్డ, మానని పుండు, రంగు మారిన మచ్చ, కారణం లేకుండా బరువు తగ్గడం, విడవని జ్వరం కనిపిస్తే వెంటనే మార్పిడి చేసిన వైద్యునికి చూపాలి. ఎర్రటి ఎండలో తిరగరాదు. కాచి చల్లార్చిన నీరు తాగాలి.

4. ఏ మూలికా ఔషధం వాడదలచినా రెండు వైపుల వైద్యులకూ చెప్పాలి.

5. కాన్సరు వచ్చి తగ్గిన వారు తాము దేనికీ పనికిరామని దిగులు పడనక్కరలేదు. నల్లగుడ్డుపై ఉండే కార్నియా పొరకు రక్తనాళాలు ఉండవు. రక్తపు కాన్సరు, కంటిలోని కాన్సరు వంటివి తప్ప, ఎక్కువ రకాల కాన్సరు వచ్చినవారు కూడా నేత్రదానం చేయవచ్చు. మరణించిన ఆరు గంటలలోగా నేత్రనిధికి కబురు చేయాలి.

ఈ అయిదవ సంగతి ఆ తల్లికి చెప్పిన రోజున ఆమె మొదటిసారి కొంచెం తేరుకున్నది. నేత్రదాన పత్రంపై మొదటి సంతకం ఆమెదే.

రెండేళ్ల నాలుగు నెలల తరువాత ఒక అర్ధరాత్రి ఆస్పత్రి నుండి వారికి పిలుపు వచ్చింది. రోడ్డు ప్రమాదంలో మెదడు మరణించిన ఒక యువకుని మూత్రపిండం ఆ అబ్బాయికి దక్కింది. ఇప్పుడు ఉద్యోగం చేసుకుంటున్నాడు. మూడు నెలలకొకసారి పరీక్షలకు వెళ్లివస్తున్నాడు.

మొన్న సంక్రాంతికి ఆమె అరిసెలు తీసుకుని మా ఇంటికి వచ్చింది. మాటల మధ్యలో అన్నది. “అన్నయ్యగారూ, ఆ పిల్లవాడి తల్లి ఎవరో మాకు చెప్పరట. కాని నాకు రోజూ గుర్తుకు వస్తుంది. బిడ్డ అలా పడి ఉంటే, మీవాడికి ఏం జబ్బులున్నాయి, ఏం ఆపరేషన్లు చేశారు అని ఆవిణ్ణి కూడా అడిగి ఉంటారు కదా. అంత దుఃఖంలోనూ ఆవిడ ఏదీ దాచకుండా చెప్పి ఉంటుంది.”